కాదనలేని గ్లాసు

తన నెత్తురు పారబోశారన్న సంగతి శ్యామ్ సుందర్‌కి ఫోన్లో తెలిసింది.

అప్పుడే అతను కరెంటు స్తంభం దిగి నడుముకున్న బెల్టు విప్పుకుంటున్నాడు. ఫిబ్రవరి నెల. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి తుమ్ములొస్తుంటే ఒక చేత్తో ముక్కు నొక్కుకుని, రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు.

"అన్నా, నేను ఫెబాని, బ్లడ్ బ్యాంకు నుంచి. మొన్న ఆదివారం మీ చర్చిలో క్యాంపు పెట్టాం కదా. మీరిచ్చిన బ్యాగు వాడటానికి కుదరలేదన్నా."

"కుదరకపోవడం ఏంటమ్మా?"

"తీసేశామన్నా. మీ రక్తంలో పైన తేరే నీరు, ప్లాస్మా అంటాం కదా, అది పాలలాగా వచ్చింది. కంగారుపడే రోగం కాదు. రేపు ఏమీ తినకుండా వచ్చి ఒక టెస్టు చేయించుకోండి."

శ్యామ్ సుందర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. పాలేంటి, నెత్తుర్లో ఉండటమేంటి? ఎవరిదో బ్యాగు తనదనుకుని పొరపాటు పడి ఉంటారని అనుకున్నాడు. అలా అనుకుని కూడా, ఫోన్ పెట్టేశాక బండి ఎక్కబుద్ధి కాక ఆ స్తంభం మొదట్లోనే కాసేపు కూర్చుండిపోయాడు.

అతనికి నలభై నాలుగేళ్లు. సత్తెనపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పంతొమ్మిదేళ్లుగా లైన్‌మన్. సన్నగా, చువ్వలా ఉంటాడు. తాగడు, సిగరెట్టు కాల్చడు. అతని నెత్తురు ఓ నెగెటివ్, ఎక్కడపడితే అక్కడ దొరికే రకం కాదు. ఎక్కడ ఎవరికి ఆపరేషనన్నా ముందు అతనికే ఫోనొచ్చేది. అప్పటికి ఇరవైసార్లు ఇచ్చాడు. డబ్బు, పేరు పెద్దగా లేని మనిషికి అదొక గొప్ప. ఇరవయ్యొకటోసారి ఇచ్చింది పారబోశారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. ఫెబా అతని చేతి నుంచి కొంచెం రక్తం తీసి, మిషన్లో తిప్పి, రెండు గాజు గొట్టాలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండింటిలోనూ అడుగున ఎర్రగానే ఉంది. ఒకదాంట్లో పైన తేరింది పసుప్పచ్చగా, అద్దంలా ఉంది. రెండోదాంట్లో బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, మసగ్గా ఉంది.

"ఈ తెల్లది ఎవరిది?" అన్నాడు తెలిసి కూడా.

"మీదేనన్నా."

సాయంత్రం రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ నూట యాభైలోపు ఉండాలట. అతనికి నాలుగొందల అరవై రెండు ఉన్నాయి. డాక్టరుగారి గది బయట చాలామంది వరసలో ఉన్నారు. ఆయన కాగితం చూసి, "రక్తంలో కొవ్వు ఎక్కువుంది. తిండి మార్చుకో. ఆరు వారాలకి మళ్లీ చూద్దాం" అన్నాడు. ఇంకా ఏవో చెప్పాడు కానీ, శ్యామ్ సుందర్ చెవిలో పడ్డది కొవ్వు అన్న మాటొక్కటే. దాన్నే పట్టుకుని ఇంటికెళ్లాడు.

అతని భార్య హెలెన్ పక్క ఊరి స్కూల్లో టీచరు. ఏ పనైనా మొదలుపెడితే సగంలో వదిలే మనిషి కాదు. కొవ్వంటే నూనె, మాంసం, గుడ్డు, చేప అని లెక్కేసి, ఆ రోజు నుంచీ అవన్నీ ఇంట్లోకి రానివ్వలేదు. వంకాయలు ఉడకబెట్టి ఉప్పూ కారం చల్లింది. తాలింపు మానేసింది. ఆ కూరలు నోట్లో పెట్టుకోలేక శ్యామ్ సుందర్ చారు పోసుకుని, మజ్జిగ పోసుకుని రెండింతలు అన్నం తిన్నాడు. కడుపు నిండితే చాలుననుకున్నాడు.

పైగా సలహాలు. చర్చిలో ఒకాయన పొద్దున్నే తేనె నీళ్లు తాగితే కొవ్వు కరుగుతుందన్నాడు. వాట్సాప్‌లో ఎవరో పంచదార మాని బెల్లం వాడమన్నారు. మందుల షాపతను పళ్లరసాలు మంచివన్నాడు. శ్యామ్ సుందర్ ఎవరి మాటా తీసేయలేదు. పొద్దున తేనె నీళ్లు, పదింటికి బత్తాయి రసం, సాయంత్రం బజ్జీల బదులు బెల్లం టీలో నాలుగు రస్కులు. ఆరు వారాలు ఒక దీక్షలా చేశాడు. హెలెన్ కూడా అతనితోపాటు ఆ ఉడకబెట్టిన వంకాయలే తిని కాస్త చిక్కింది.

ఏప్రిల్‌లో మళ్లీ టెస్టు చేయించారు. ఐదొందల నలభై ఏడు.

శ్యామ్ సుందర్ ఆ అంకెని మూడుసార్లు చదివాడు. కాగితం మీద తన పేరే ఉంది. అదే వారం ఆఫీసు తరఫున జరిగిన పరీక్షల్లో అతని తోటి లైన్‌మన్ కోటేష్‌కి నూట ముప్పై వచ్చాయి. కోటేష్ ఆదివారం వేటమాంసం లేనిదే కూర్చోడు. స్తంభం ఎక్కేటప్పుడు అతని పొట్ట ముందు ఎక్కుతుంది.

"ఒరేయ్, నీది నాది మారిపోయిందేమోరా" అన్నాడు కోటేష్, నవ్వాలో వద్దో తెలియనట్టు. "నువ్వేమో గడ్డి తింటివి. నేనేమో మేకని తింటిని. ఏంది ఈ న్యాయం?"

ఈసారి డాక్టరుగారి ముందు హెలెన్ కూడా కూర్చుంది. ఆయన మొహం కొంచెం గట్టిగానే పెట్టాడు. "ఐదొందలు దాటితే కడుపులో క్లోమానికి ప్రమాదం. పొట్ట పైభాగంలో తీవ్రంగా నొప్పొస్తే ఒక్క నిమిషం ఆగకుండా హాస్పిటల్‌కి రావాలి. అసలు ఇప్పుడే మందు మొదలుపెట్టాలి" అన్నాడు. హెలెన్ బతిమాలింది. ఆయన రిపోర్టు మళ్లీ ఒకసారి చూసి, "జూన్ దాకా చూస్తాను. అప్పటికీ దిగకపోతే మందు వేసుకోవాల్సిందే" అన్నాడు.

బయట వరండాలో ఫెబా ఎదురైంది. హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుని, ఆరు వారాలుగా తాము తిన్నదంతా ఏకరువు పెట్టింది. ఫెబా మొహంలో జాలి కనిపించింది.

"నూనె సంగతి అట్టా ఉంచండక్కా. అన్నకి తీపి ఎంత పోతోంది లోపలికి?"

"నేను స్వీట్లు ముట్టనమ్మా. చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు" అన్నాడు శ్యామ్ సుందర్.

"తేనె, బెల్లం, జ్యూసు, అన్నీ తీపేగా అన్నా. తెల్లన్నం మరీ ఎక్కువైనా అంతే. అక్కరకి మించి లోపలికి పోతే లివర్ దాన్ని ఈ కొవ్వుగా మార్చి నెత్తుర్లోకి వదుల్తది."

"అంటే పదకొండు వేల ఓల్టులు వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్లో మారి, ఇళ్లకి వేరేగా పోయినట్టా?"

ఫెబా ఒక క్షణం తెల్లబోయింది. "అది నాకు తెలీదన్నా. టీ రోజుకి ఎన్నిసార్లు తాగుతారు?"

"రెండుసార్లు."

అతను అబద్ధం చెప్పలేదు. ఇంట్లో రెండుసార్లే. కానీ ఆ మాట వినగానే హెలెన్ అతని మొహంలోకి అదోలా చూసింది. సాయంత్రాలు ఇంటికొచ్చిన మనిషికి ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. ఆ సంగతి ఆమెకి చాలా రోజుల నుంచి అంతుచిక్కడం లేదు.

మే నెలలో, స్కూలు సెలవుల్లో ఒక రోజు పొద్దున్నే, ఆమె తలకి కొంగు బిగించుకుని అతని బండి వెనక ఎక్కింది.

"ఎక్కడికి?" అన్నాడు అతను.

"మీరెక్కడికి పోతే అక్కడికి."

ఎండాకాలం లైన్‌మన్ చేతికి తీరికుండదు. మొదటి ఊళ్లో బోరు దగ్గర ఫ్యూజు పోయింది. అతను వేసి దిగేసరికి రైతు రెండు గ్లాసుల టీతో నిలబడి ఉన్నాడు. పంచదార పెదాలకి అంటుకునేంత ఉంది. అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీకి వెళ్తే గుమాస్తా ఇంకో టీ, బిస్కెట్లు ఇచ్చాడు. సెంటర్లో చెరకు రసం బండివాడు దారికి అడ్డం వచ్చి మరీ ఆపాడు. కిరాణాకొట్టు గౌస్ బాషా ఆరెంజ్ షర్బత్ కలిపి, "అక్క కూడా వచ్చిందిగా" అని ఇంకో చెంచా పొడి ఎక్కువేశాడు. పత్తి చేలకి వెళ్లే దారిలో ఒక ముసలామె గ్లూకోజ్ నీళ్లు కలిపిచ్చింది.

పదకొండింటికి యలమందయ్యగారి ఇంటికి చేరారు. ఎనిమిదెకరాల మిరప రైతు. ఆయన భార్య సుబ్బరావమ్మ వాళ్లిద్దరికీ కుర్చీలు వేయించి, ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ తీసి, గిద్దెడు కాదు, అరసోలెడు పట్టే స్టీలు గ్లాసుల్లో అంచుదాకా పోసింది. "తాగండమ్మా, ఎండనపడి వచ్చారు" అని పక్కనే నిలబడింది. శ్యామ్ సుందర్ రెండు చేతులతో గ్లాసు అందుకుని, ఆఖరి చుక్క దాకా తాగి, "చల్లగా ఉందండీ" అన్నాడు.

ఇంకో మూడుచోట్ల మూడు గ్లాసులయ్యాక, ఒంటిగంటకి ఒక పంపుసెట్టు గది నీడలో బండి ఆపారు. హెలెన్ కడుపులో నీళ్లు కదులుతున్న చప్పుడు ఆమెకే వినిపిస్తోంది. పళ్లు జివ్వుమంటున్నాయి.

"తొమ్మిది" అంది.

"తొమ్మిదేంటి?"

"గ్లాసులు. ఇంకా మధ్యాహ్నమే. రోజూ ఇంతేనా?"

"ఎండాకాలం కాబట్టి కొంచెం ఎక్కువ" అని, ఆమె చూపు చూసి తడబడ్డాడు. "అయినా అది తిండి కాదుగా హెలెన్. తాగేదేగా."

ఆమెకి ఒళ్లు మండింది. "ఆరు వారాలు నా చేత చప్పిడి వంకాయలు వండించారు. మా అమ్మ పంపించిన చేపలు పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. గుడ్డు ఉడకబెట్టాలన్నా భయపడ్డాను. ఇక్కడేమో మీరు బిందెలకొద్దీ పంచదార పానకం తాగుతున్నారు! వద్దు అనే మాట నోట్లో లేదా మీకు?"

శ్యామ్ సుందర్ నేల మీద పుల్లతో గీతలు గీశాడు.

"మా నాన్న దానయ్య ఆ యలమందయ్యగారి నాన్న దగ్గరే పనిచేశాడు. దాహమేస్తే ఆ వాకిట్లోనే, మెట్ల కింద వంగి దోసిలి పట్టేవాడు. పైనుంచి పోసేవాళ్లు. సగం మోచేతుల మీదుగా కారిపోయేది. నేను పక్కనే ఉండేవాణ్ణి, ఐదారేళ్లుంటాయి. నాకూ అట్టాగే పోశారు." పుల్ల విరిచేశాడు. "ఈ రోజు అదే ఇంట్లో కుర్చీ వేసి, వాళ్లు తాగే గ్లాసు నా చేతికిస్తుంటే వద్దని ఎట్టా అనాలి? ఎక్కడిచ్చినా అంతే. దాహం ఉందో లేదో కూడా చూసుకోను. తాగేస్తాను. నోట్లోంచి రాదు హెలెన్ ఆ మాట."

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈ సంగతి అతనెప్పుడూ చెప్పలేదు. హెలెన్ కోపం ఎటు పోయిందో తెలియలేదు. కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది.

కాసేపటికి, "గ్లాసు తీసుకోండి. అందులో ఏం పోయాలో మీరు చెప్పండి. అంతేగా" అంది.

అంతే అన్నట్టే ఉంది కానీ, అది అతనికి హై టెన్షన్ లైను ముట్టుకోవడం కన్నా కష్టమైంది. రెండు రోజుల తర్వాత మళ్లీ యలమందయ్యగారింటికి పనిపడింది. సుబ్బరావమ్మ గ్లాసుతో వచ్చింది.

"ఈ పూట వద్దండీ. కడుపు బాగోలేదు" అన్నాడు.

"అయ్యో, ఉండు, గ్లూకోజ్ కలుపుతా."

"వద్దండీ. ఉత్త నీళ్లు చాలు."

అరుగు మీద పేపరు చదువుతున్న యలమందయ్య తలెత్తాడు. ఆయన గొంతు సహజంగానే పెద్దది. "నీళ్లేందయ్యా? పంతొమ్మిదేళ్లబట్టి లేంది ఇయ్యాల మా ఇంటో తాగనంటావేంది? మొన్న మీటరు గురించి నేనన్న మాట మనసులో పెట్టుకున్నావా?"

"అయ్యో, అది కాదండీ."

"మరింకేంది? చెప్పు!"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక శ్యామ్ సుందర్, "నా నెత్తురు పారబోశారండీ" అన్నాడు.

సుబ్బరావమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవురు? ఎప్పుడు? దెబ్బ ఎక్కడ తగిలింది నాయనా?"

"దెబ్బ కాదండీ. పాలు. నా నెత్తుర్లో పాలున్నాయంట. నూనె మానేస్తే ఇంకా పెరిగింది. అది నూనె వల్ల కాదంట, ఈ కూల్‌డ్రింకుల వల్లంట."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను మళ్లీ మొదట్నుంచి, క్యాంపు దగ్గర్నుంచి చెప్పుకొచ్చాడు. రెండోసారి కొంచెం మేలుగా చెప్పాడు. అంతా విని సుబ్బరావమ్మ లోపలికి వెళ్లి, అదే స్టీలు గ్లాసు నిండా పల్చటి మజ్జిగ, ఉప్పు, కరివేపాకు నలిపి వేసి తెచ్చింది.

యలమందయ్య ఇంకా తేల్చుకోలేదు. "మజ్జిగలో వెన్న ఉంటదిగా. వెన్నంటే కొవ్వేగా?"

శ్యామ్ సుందర్ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. అది అతనికీ తెలియదు.

"చిలికి తీసేస్తిగా! వెన్నుంటే మీ కంచంలో పడకపోయేదా? తాగు నాయనా" అంది సుబ్బరావమ్మ.

అతను తాగాడు. కళ్లు మంటగా ఉంటే ఎండ అనుకున్నాడు.

ఆ తర్వాత మిగతా ఇళ్లలో కొంచెం తేలికైంది. కొందరు మజ్జిగ ఇచ్చారు, కొందరు పంచదార లేని నిమ్మకాయ నీళ్లు. గౌస్ బాషా మాత్రం పంచదార లేకుండా షర్బత్ కలిపిచ్చి, అది తాగుతున్న అతని మొహం చూసి తనే గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లో వంట మళ్లీ మారింది. ఫెబా చెప్పినట్టు హెలెన్ మధ్యాహ్నం అన్నం ఒక గిన్నెడే పెట్టి, పప్పు, గోరుచిక్కుడు, గోంగూర ఎక్కువ పెట్టేది. రాత్రి రెండు జొన్నరొట్టెలు. పళ్లరసం బదులు జామకాయ. టీలో పంచదార లేదు, బెల్లం లేదు. తిన్నాక ఇద్దరూ చర్చిదాకా నడిచి వచ్చేవాళ్లు. నూనె చెంచాలతో కొలిచి మళ్లీ తాలింపు మొదలైంది. వారానికి రెండుసార్లు బాపట్ల వైపు నుంచి వచ్చే సముద్రపు చేపలు పులుసు పెట్టింది.

చేప ముక్క కంచంలో పడ్డ మొదటి రోజు శ్యామ్ సుందర్ దాన్ని వేలితో అటూ ఇటూ కదిపాడు. "కొవ్వు తగ్గడానికి కొవ్వున్న చేప తినమంటారేంటి? ఫెబా సరిగ్గానే చెప్పిందా?"

"మూడుసార్లు అడిగాను."

"చారన్నం తింటే పెరిగి, చేపలు తింటే తగ్గుతుందా?"

"నాకూ అర్థం కాలేదు. తినండి ముందు."

భయంభయంగానే తిన్నాడు. మొదటి పది రోజులు సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, చిరాకు. కోటేష్ మీద ఊరికే అరిచాడు. రొట్టెలు తిన్నా అన్నం తినలేదన్న వెలితి పోలేదు. క్లోమం నొప్పేమోనని పొట్ట నొక్కి చూసుకునేవాడు. నొప్పి రాలేదు.

జూన్ ఆఖర్న టెస్టుకి వెళ్లారు. రెండొందల ముప్పై ఒకటి.

డాక్టరుగారు మొదటిసారి నవ్వాడు. "మందక్కర్లేదు. ఇట్లాగే ఉండు" అన్నాడు. శ్యామ్ సుందర్ లేవలేదు.

"అయ్యా, ఏది పనిచేసింది? కూల్‌డ్రింకులు మానడమా, అన్నం తగ్గడమా, చేపలా, నడకా?"

"అన్నీ కలిసి."

"అట్టా కాదయ్యా. ఏదో ఒకటి ఎక్కువ పనిచేసి ఉంటుందిగా. అదేదో తెలిస్తే మిగతావి..."

"మిగతావి మళ్లీ మొదలుపెడదామనా?" అంది హెలెన్ పక్కనుంచి.

అతను లేచాడు. దారంతా అదే ఆలోచన. సాయంత్రం పూట మామూలు టీ ఒక్కటైనా తిరిగి దక్కుతుందేమోనని అతని ఆశ. దక్కలేదు.

సెప్టెంబరులో నూట యాభై రెండుకి దిగింది. ఆ వారమే ఒక కాన్పు కేసుకి ఓ నెగెటివ్ కావాలని ఫెబా ఫోన్ చేసింది. అతను బల్ల మీద పడుకుని చెయ్యి చాపి, సంచి నిండేదాకా కళ్లు మూసుకున్నాడు. సాయంత్రం ఫెబా మెసేజ్ పెట్టింది: "ఎక్కించారన్నా. తల్లి బాగుంది." ఆమె ఎవరో అతనికి తెలియదు, అడగలేదు. హెలెన్‌కి చూపించాడు. ఇద్దరూ దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నారు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం యలమందయ్యగారి వీధి మలుపులో స్తంభం మీద తీగని పట్టి ఉంచే పింగాణీ డిస్కు మారుస్తుంటే, సుబ్బరావమ్మ కింద నిలబడి చేతులూపింది. దిగాడు. ఆమె చేతిలో ఒక రిపోర్టు కాగితం ఉంది.

"మీ అయ్యగారిది. మూడొందల తొంభై అంట. పాలు కనిపించలా గానీ అదే జబ్బంట. నీకు తగ్గిందిగా నాయనా, ఏం పెట్టాలో చెప్పు. నూనె మానిపించాలా?"

"అబ్బే, నూనె కాదండీ. అంటే, నూనె కూడా ఎక్కువ వాడొద్దు. అన్నం తగ్గించాలి. పూర్తిగా కాదు. పళ్లు తినొచ్చు, పిండుకుని తాగొద్దు. చేపలు..."

"మేం నీసు తినంగా."

నీసు తినని ఇంట్లో చేపల బదులేంటో ఎవరూ అతనికి చెప్పలేదు. పప్పన్నాడు. వేరుశెనక్కాయలు గుప్పెడన్నాడు. గుప్పెడంటే ఎవరి గుప్పెడని ఆమె అడిగింది. బెల్లం మంచిదేగా అని అడిగింది. అతను కాదనబోయి, తన మాట మీద తనకే అనుమానమొచ్చి నిలిచిపోయాడు. ఇన్నాళ్లు అన్నీ చేశాడు గానీ, ఏది ఎందుకో వరసగా చెప్పమంటే ఒక్కటీ చిక్కడం లేదు.

చివరికి ఫోన్ తీసి, స్కూల్లో భోజనాల బెల్లు అయి ఉంటుందని టైము చూసుకుని, హెలెన్‌కి కలిపాడు.

"సుబ్బరావమ్మగారు మాట్లాడతారంట. నువ్వే చెప్పు" అని ఫోన్ ఆమె చేతికిచ్చి, మళ్లీ బెల్టు బిగించుకుని స్తంభం ఎక్కాడు. సగం ఎక్కేసరికి కింద సుబ్బరావమ్మ గొంతు వినిపించింది.

"ఉండు తల్లీ, ఉండు. జొన్నలు రాత్రికా, పగటికా?"